పిల్లలకు మారిషస్ చెప్పిన మూడు నెలలు

మా చెల్లెలికి డిసెంబరులో పురుడు. తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకురావడం మన ఆనవాయితీ. కానీ దాని అత్తవారిల్లు మారిషస్. అంత దూరం ప్రయాణం వద్దని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పేసింది. "అది రాలేకపోతే పుట్టిల్లే దాని దగ్గరికి వెళ్తుంది" అని మా అమ్మ ఆవకాయ జాడీలు సర్దడం మొదలుపెట్టింది. అలా పోయిన ఏడాది అక్టోబరు చివర్లో అమ్మ, నేను, మా ఇద్దరు పిల్లలు కాకినాడ నుంచి బయల్దేరాం. మళ్లీ ఇల్లు చేరింది ఫిబ్రవరి మొదటి వారంలో.

మా వాడు మూడో తరగతి, చిన్నది ఒకటో తరగతి. మూడు నెలలు బడి పోతుందని నాకు బెంగ. వాళ్ల టీచరుగారు లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు పుస్తకాల్లో పేజీలు గుర్తుపెట్టి ఇచ్చి, "రోజుకింత చేయించండి. సోషల్ మాత్రం మీ ఇష్టం, అక్కడేం చూస్తే అదే చెప్పండి" అన్నారు. ఆ చివరి మాట నాకు భలే నచ్చింది. ఉన్న దేశమే సోషల్ పుస్తకం అనుకున్నాను. ఆ పుస్తకంలో చిరిగిన పేజీలు కూడా ఉంటాయని అప్పటికి తోచలేదు.

మా మరిది అక్కడే పుట్టి పెరిగిన తెలుగువాడు. వాళ్లు మారిషస్ వచ్చి అయిదు తరాలు దాటింది. ఇంట్లో మాట్లాడేది క్రియోల్, పేపరు చదివేది ఫ్రెంచిలో, బడి చదువు ఇంగ్లీషులో. తెలుగు మాత్రం దేవుడి గదిలో ఉంటుంది. చెల్లెలి అత్తగారికి రామభజన పాటలు వస్తాయి, బళ్లో నేర్చుకున్న తెలుగు అక్షరాలు వస్తాయి. మాట్లాడితే మధ్యమధ్యలో "ఏటి" అని మన విజయనగరం వైపు మాట ఒకటి పడుతుంది. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ ఇప్పటికీ చేసుకుంటారు. సింహాచలం కొండ ఎప్పుడూ చూడనివాళ్లు అప్పన్నకి దండం పెడుతుంటే మా అమ్మ కళ్లు తుడుచుకుంది.

మా మొదటి పాఠం కూరల సంతలో జరిగింది. మునగాకుని అక్కడ బ్రెడ్ మురూం అంటారు. బ్రెడ్ అంటే మనం తినే బ్రెడ్డు కాదు, ఆకుకూర. మురూం మన దక్షిణాది మునగే. బెండకాయ లాలో, వంకాయ బ్రెంజెల్, బీరకాయ పిపెంగాయ్. రోడ్డు పక్కన గాతో పిమా అని వేడివేడిగా అమ్ముతారు, తింటే అచ్చం మన పప్పు వడే. "ఇవన్నీ ఇక్కడికి ఎలా వచ్చాయి?" అని చిన్నది అడిగింది. "మనుషులతో పాటు వచ్చాయి" అన్నాను. "మరి మనుషులు ఎలా వచ్చారు?" అన్నాడు మా వాడు. మరుసటి రోజుకి పాఠం దొరికింది.

వరండాలో బట్టలారేసే తాడుకి క్లిప్పులతో కార్డులు తగిలించాం, ఒక్కో కార్డు మీద ఒక్కో సంవత్సరం. మొదటి కార్డు 1598. ఆ ఏడు డచ్చివాళ్ల ఓడలు వచ్చి, వాళ్ల రాకుమారుడు మారిట్స్ పేరు ఈ దీవికి పెట్టాయి. అంతకుముందు అరబ్బులకీ పోర్చుగీసులకీ ఈ దీవి తెలుసు గానీ ఎవరూ కాపురం పెట్టలేదు. 1638లో డచ్చివాళ్లు వలస పెట్టారు. జావా నుంచి చెరకు తెచ్చి నాటింది వాళ్లే. ఎగరలేని డోడో పక్షి వాళ్లు అడుగుపెట్టిన వందేళ్లలోపే అంతరించిపోయింది. 1710లో వాళ్లు వదిలి వెళ్లిపోయారు. 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చి 'ఫ్రాన్సు దీవి' అని పేరు మార్చారు. 1735లో వచ్చిన గవర్నరు లాబూర్దొనే పోర్ట్ లూయీ రేవుని కట్టి పెద్దది చేశాడు. 1810లో ఇంగ్లీషువాళ్లు గెలుచుకున్నారు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. గాంధీగారు దండికి బయల్దేరిన తేదీ అదే కాబట్టి ఆ రోజుని ఎంచుకున్నారు.

ఈ కార్డులు రాస్తుంటే నాకే ఒక సంగతి కొత్తగా తట్టింది. ఆ దీవిలో "మేం మొదట్నించీ ఇక్కడివాళ్లం" అనగలిగిన మనిషి ఒక్కరూ లేరు. అందరూ ఏదో ఒక ఓడలోంచి దిగినవాళ్ల పిల్లలే. రెండువేల చదరపు కిలోమీటర్ల నేల, మన జిల్లా అంత కూడా ఉండదు! అందులో ఆఫ్రికా, ఇండియా, చైనా, ఫ్రాన్సు అన్నీ ఉన్నాయి.

నవంబరు 2 అక్కడ సెలవు. 1834లో అదే రోజున 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. అక్కడి నుంచి 1900ల మొదటి దశాబ్దాల దాకా సుమారు 4,50,000 మంది మన దేశం నుంచి వెళ్లారు. ఎక్కువ మంది కలకత్తా నుంచి, తరవాత మద్రాసు, బొంబాయిల నుంచి. 1843లో మన కోరింగ రేవు నుంచే 'కోరింగ పాకెట్' అనే ఓడలో తెలుగువాళ్లు వచ్చారని అక్కడి తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. కోరింగ అంటే కాకినాడ పిల్లలకి మడ అడవి, చెక్క వంతెన, ఆదివారం పిక్నిక్కు. నేనే ఎన్నిసార్లు వెళ్లానో! 1839 తుపానులో ఆ రేవు కొట్టుకుపోయిందని విన్నానే తప్ప, మిగిలిన ఆ రేవు నుంచి ఇంత దూరం మనుషులు వెళ్లారని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సెలవు హడావిడి తగ్గాక ఆప్రవాసి ఘాట్ చూడ్డానికి వెళ్లాం. ఓడ దిగినవాళ్లని పేర్లు రాసుకోవడానికి తీసుకెళ్లిన చోటు అది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అక్కడ పదహారు రాతి మెట్లున్నాయి. మా పిల్లలు రెండుసార్లు లెక్కపెట్టారు. అయిదేళ్ల ఒప్పందం, నెలకి అయిదు రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఉప్పు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. మా వాడికి ఈ కోత లెక్క బాగా పట్టింది. "పది రోజులు జ్వరం వస్తే ఇరవై రోజుల జీతం పోతుందా?" అని దారంతా లెక్కలు కడుతూనే ఉన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, అందరూ కూర్చున్నాక, వాడు గట్టిగా అన్నాడు: "మామ్మగారూ! మీ ముత్తాత కూలీ అంట కదా!"

పళ్లెంలో గరిటె శబ్దం ఆగిపోయింది. మా మరిది తల దించుకున్నాడు. అమ్మ నన్ను మోకాలి దగ్గర గిల్లింది. అత్తగారు ఏమీ అనలేదు. మజ్జిగ గిన్నె అందించి, లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

తరవాత చెల్లెలు గదిలోకి పిలిచి చెప్పింది. "అక్కా, మనకి కూలి పని అంటే పొద్దున్న లేస్తే అనే మాట. ఇక్కడ అది తిట్టు. వీళ్ల చిన్నప్పుడు ఆ మాటతో ఎంత ఏడిపించారో నీకు తెలీదు." నాకు తల కొట్టేసినట్టయింది. పురుడు పోయడానికి వెళ్లి వియ్యపురాలి మనసు నొప్పించాం. అమ్మ అయితే ఆ రాత్రి నన్ను వదల్లేదు. "చిన్నపిల్లలకి ఇవన్నీ ఎందుకే? వ్యాపారానికి వచ్చారని చెప్తే సరిపోయేది కదా" అంది.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి అత్తగారి దగ్గరికి వెళ్లి, "వాడు తెలీక అన్నాడు అత్తయ్యగారూ, తప్పు నాది" అన్నాను. ఆవిడ మాట్లాడకుండా బీరువా తీసి, ప్లాస్టిక్ కవరులో ఉన్న ఒక కాగితం తెచ్చి, పిల్లలిద్దర్నీ పిలవమన్నారు. అక్కడ మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కూలీల వలస రిజిస్టర్లు అందులో దాచారు. మా మరిది కాలేజీలో ఉన్నప్పుడు అక్కడ తీసుకున్న నకలు అది.

ఒక ఆరంకెల నంబరు. ఓడ పేరు. 1860ల నాటి తేదీ. తండ్రి పేరు. వయసు ఇరవై. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఎడమ మోచేతి మీద మచ్చ. కులం అనే గడి కూడా ఉంది. అబద్ధమెందుకు, అమ్మ కళ్లూ నా కళ్లూ ముందు అక్కడే ఆగాయి. ఆ గడిలో 'జెంటూ' అని రాసి ఉంది. అప్పట్లో ఇంగ్లీషువాళ్లు తెలుగువాళ్లని పిలిచిన పేరది. మనం ఇక్కడ ఇంత జాగ్రత్తగా మోసుకు తిరిగేదాన్ని ఆ గుమాస్తా ఒక్క మాటలో కొట్టేశాడు. ఆ తాత ఒంటిపేరు అప్పన్న. ఆ పేరే తరవాతి తరాలకి ఇంటిపేరు అయింది. అసలు ఇంటిపేరు ఏమిటో ఎవరికీ తెలీదు.

అత్తగారు మా వాడి తల మీద చెయ్యి వేసి అన్నారు, "నువ్వన్నది నిజం బాబూ. కూలీయే. మా నాయన ఆ మాట ఇంట్లో అననిచ్చేవాడు కాదు. మేస్త్రీ అని చెప్పేవాడు. ఈ కాగితం వచ్చాక కూడా నేను ఎవరికీ చూపించలేదు. నువ్వు చదువు, గట్టిగా చదువు."

వాడు కూడబలుక్కుంటూ చదివాడు. ఫోటో లేదు. పాసుల మీద ఫోటోలు అంటించడం ఆ తరవాత మొదలైంది. అందుకని చిన్నది ఒక ఉపాయం చెప్పింది. టేపు తెచ్చి, వంటింటి గుమ్మం మీద అయిదడుగుల రెండంగుళాల దగ్గర పెన్సిలుతో గీత గీశారు. "తాత ఇంతుంటాడు" అంది. అమ్మ వెళ్లి గీత కింద నిలబడింది. సరిగ్గా తలకి తగిలింది. "నా అంతే ఉన్నాడే!" అంది. అత్తగారు నవ్వారు. నాకు గుండెల్లో రాయి దిగింది.

ఆ రాత్రి దీపం ఆర్పాక అమ్మ తనంతట తానే చెప్పింది. మా తాతయ్యగారి అన్న ఒకాయన రంగూన్ వెళ్లి తిరిగి రాలేదు. వ్యాపారానికి వెళ్లాడని మా చిన్నప్పట్నించీ విన్నాం. "వ్యాపారం కాదే. బియ్యం మిల్లులో మూటలు మోశాడు. ఆయన పంపిన డబ్బులతోనే మీ తాతయ్య చదువుకున్నాడు" అంది. ఆ రోజుల్లో కోస్తా నుంచి వేలమంది అలాగే వెళ్లారు. అక్కడి జనం వాళ్లని కోరంగీలు అని పిలిచేవారు, మన కోరింగ రేవు పేరు మీద. మేస్త్రీ అని వాళ్లింట్లో, వ్యాపారం అని మా ఇంట్లో. సముద్రానికి అటూ ఇటూ ఒకటే సిగ్గు. మూట మోసినవాడి పేరు మనకి గుర్తులేదు, ఆ డబ్బుతో చదివినవాడి ఫోటోకి దండ వేశాం.

అప్పటికి నా పాఠం పూర్తయిందనుకున్నాను. కాలేదు.

డిసెంబరులో చెల్లెలికి పాప పుట్టింది. అక్కడ అది నడివేసవి, తురాయి చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి, బజారంతా లీచీ పళ్లు. పక్కింటావిడ ఒక బుట్టెడు లీచీలు తెచ్చి పాపని చూసి వెళ్లింది. ఆవిడ క్రియోల్ మనిషి, వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లమ్మాయీ మా చిన్నదీ అప్పటికే జంట. భాష రాకపోయినా గంటలకొద్దీ ఆడుకునేవాళ్లు.

జనవరిలో ఒకరోజు మా చిన్నది తాడు మీది కార్డుల దగ్గర చాలాసేపు నిలబడి అడిగింది. "అమ్మా, చెరకు డచ్చివాళ్లు నాటారు అన్నావు కదా. మన అప్పన్న తాతా వాళ్లు ఎప్పుడో తరవాత వచ్చారు. మధ్యలో చెరకు ఎవరు కొట్టారు?"

రెండొందల ఏళ్ల ఖాళీ. ఆ కార్డు నేను కావాలనే రాయలేదు. ఆరేళ్ల పిల్లకి మనుషుల్ని కొనడం, అమ్మడం ఏమని చెప్తాం అనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మనవాళ్ల కష్టం చెప్పేసరికే నా మనసు నిండిపోయింది, పక్కవాళ్ల కష్టానికి చోటు మిగల్లేదు.

నేను తటపటాయిస్తుండగానే అది గోడ దగ్గరికి పరుగెత్తి పక్కింటావిడని వచ్చీరాని క్రియోల్‌లో అడిగేసింది, మీ తాత ఏ ఓడలో వచ్చాడు, నంబరు ఎంత అని. ఆవిడ ఒక్క క్షణం ఆగి, దాని బుగ్గ నిమిరి, ఏదో చెప్పింది. మా మరిది తెలుగులో చెప్పాడు. "మా ఇంట్లో అలాంటి కాగితం లేదమ్మా అంటోంది."

ఆ సాయంత్రం కూర్చుని కార్డు రాశాం. డచ్చివాళ్ల కాలం నుంచే, ఫ్రెంచివాళ్ల కాలంలో మరీ ఎక్కువగా, మడగాస్కర్ నుంచీ మొజాంబిక్ వైపు నుంచీ మనుషుల్ని బంధించి ఓడల్లో తెచ్చి అమ్మారు. వాళ్లు ఒప్పందం మీద వేలిముద్ర వేయలేదు. జీతం లేదు, అయిదేళ్ల గడువు లేదు. సొంత పేరు కూడా పోయి, యజమాని పెట్టిందే పేరైంది. 1835 ఫిబ్రవరి 1న ఆ బానిసత్వాన్ని రద్దు చేశారు. విడుదలైనవాళ్లు 60,000 మందికి పైనే. అయినా ఇంకొన్నేళ్లు అప్రెంటిస్‌లు అనే పేరుతో పాత యజమానుల దగ్గరే పని చేయించారు. వాళ్ల జాగాలో చవగ్గా పనిచేసే చేతులు కావాలి కాబట్టే మనవాళ్లని ఓడలెక్కించారు. అప్పన్న తాత వచ్చిన దారి పక్కింటావిడ తాతల తోటలోంచే వచ్చిందన్నమాట.

"వదిలేసేటప్పుడు వాళ్లకి డబ్బులిచ్చారా?" అన్నాడు మా వాడు. ఇచ్చారు, యజమానులకి. ఇరవై లక్షల పౌండ్లకి పైగా. బానిసలుగా ఉన్నవాళ్లకి ఒక్క పైసా లేదు. "తప్పు చేసినవాళ్లకా?" అని రెండుసార్లు అడిగాడు. నా దగ్గర జవాబు లేదని చెప్పాను.

ఫిబ్రవరి 1 కూడా అక్కడ సెలవే. మా ప్రయాణానికి ఇంకా రెండు రోజులుంది. పక్కింటివాళ్లు లె మోర్న్ కొండ దగ్గరికి వెళ్తుంటే మేమూ వెళ్లాం. దీవికి నైరుతి మూలన సముద్రంలోకి చొచ్చుకుని నిలబడ్డ రాతి కొండ. పారిపోయిన బానిసలు దాని మీది గుహల్లో దాక్కునేవారు. 2008లో దాన్ని కూడా యునెస్కో గుర్తించింది. ఒక కథ చెప్పుకుంటారు అక్కడ. మీకు విడుదల వచ్చిందని చెప్పడానికి సిపాయిలు కొండ ఎక్కుతుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనున్నవాళ్లు కిందకి దూకేశారట. ఇది నేను పిల్లలకి చెప్పలేదు. పక్కింటావిడే వాళ్లమ్మాయికి చెప్తుంటే మావాళ్లు పక్కనే కూర్చుని విన్నారు. మా చిన్నది ఏమీ అడగలేదు, వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

చిన్నపిల్లలకి కష్టమైన చరిత్ర చెప్పొచ్చా అని మీలో కొందరికి సందేహం ఉంటుంది. నాకూ ఉండేది. ఇప్పుడు నాకనిపించేది ఒక్కటే. దెబ్బల వివరాలు, రక్తం ఆ వయసుకి అక్కర్లేదు, ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎవరికి లాభం వచ్చిందన్నవి మాత్రం దాచకూడదు. మనం ఒక కార్డు దాచిపెడితే పిల్లలు ఆ ఖాళీ దగ్గరే ఆగి అడుగుతారు. మనవాళ్ల కథ ఒక్కటే చెప్పి ఊరుకుంటే అది గొప్పలు చెప్పుకోవడమో ఏడుపో అవుతుంది, చరిత్ర కాదు.

ఇల్లు చేరాక ఒక ఆదివారం కోరింగ వెళ్లాం. పిల్లలు చెక్క వంతెన మీద పరుగెత్తలేదు. మడచెట్ల మధ్య నీళ్లు చూస్తూ, ఓడ ఎక్కడ ఆగి ఉంటుందో వాదించుకున్నారు. రంగూన్ తాత పేరు అమ్మ కనుక్కుంది. మా ఇంటి తాడు మీద ఇప్పుడు ఆయన కార్డు కూడా ఉంది.

ఒక్కటి మాత్రం తేలలేదు. ఆ కాగితంలో జిల్లా విశాఖపట్నం అని తెలుస్తోంది. ఊరి పేరు మాత్రం ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. బొండపల్లో, గొందిపల్లో, బంటుపల్లో, ఎలా చదివినా పలుకుతుంది. మేం మ్యాపు ముందేసుకుని ఒక్కో ఊరు పైకి చదువుతున్నాం. అత్తయ్యగారికి డెబ్బై రెండేళ్లు. వచ్చే ఏడాది మనవరాలిని ఎత్తుకుని వస్తానన్నారు. ఆలోగా ఊరు దొరికితే, సింహాచలం దర్శనం అయ్యాక నేరుగా అక్కడికే తీసుకెళ్లాలని ఉంది.